లీడింగ్ లైన్స్: గీత దొరికాక కెమెరా ఎక్కడ పెట్టాలి?

"రోడ్డు ఉంది, కాలవ ఉంది, వరుసగా కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఫొటో తీస్తే మాత్రం చప్పగా వస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?" లీడింగ్ లైన్స్ గురించి అందరూ మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. జవాబు దాదాపు ప్రతిసారీ రెండింట్లో ఒకటి: గీత ఎక్కడికీ చేరడం లేదు, లేదంటే కెమెరా ఎత్తు కుదరలేదు. గీతలు వెతకమని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఎత్తు సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే.

చూసేవాళ్ల కన్నును ఫ్రేము అంచు దగ్గర పట్టుకుని, లోపలున్న అసలు విషయం దాకా తీసుకెళ్లే గీత ఏదైనా లీడింగ్ లైనే. రోడ్డు అంచు, పొలం గట్టు, మెట్ల రెయిలింగ్, ప్రహరీ గోడ, సాయంత్రం తాటిచెట్టు నీడ, అల వెనక్కి వెళ్తూ వదిలిన నురగ, చేనేత ఊళ్లలో వీధి పొడవునా సాగదీసిన పడుగు (నేతకు సిద్ధం చేసే నిలువు దారాలు) అన్నీ పనికొస్తాయి. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

కావాల్సినవి

ఫోన్ చాలు. కెమెరా ఉంటే దాంతోపాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్ సరిపోతుంది. ఫోన్‌లోనైనా కెమెరాలోనైనా గ్రిడ్ (తెర మీది గళ్ల గీతలు), లెవెల్ (కెమెరా ఒరిగితే చూపించే గీత) రెండూ ఆన్ చేసి పెట్టుకోండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని కెమెరా విభాగంలో ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా కెమెరా యాప్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతాయి. లెన్స్ తుడవడానికి మెత్తని గుడ్డ, నేల మీద కూర్చోవడానికి పాత తువ్వాలు తీసుకెళ్లండి. తువ్వాలు లేకపోతే తడి గట్టు మీద కూర్చోబుద్ధి కాదు, నిలబడే తీసేస్తారు. చీకటి పడ్డాక తీయాలంటే ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) కావాలి.

1. ముందు గీత చివర ఏముందో చూడండి

గీత కనపడగానే ఫోన్ తీయకండి. దాని వెంట కళ్లతో నడిచి చివర ఏముందో చూడండి. గుడి గోపురమా, మనిషా, పడవా, ఒంటరి చెట్టా? ఏమీ లేకపోతే ఆ గీత ఇంకా పనికిరాదు. అప్పుడు మూడు దారులున్నాయి. అదే గీతను రెండో వైపు నుంచి చూడండి, చాలాసార్లు అసలు విషయం మీ వెనకే ఉంటుంది. లేదా ఆ దారిన ఎవరైనా వచ్చేదాకా ఆగండి: పొద్దున పాల క్యాన్లతో సైకిలో, బడికెళ్లే పిల్లలో. అదీ కుదరకపోతే గీతను వదిలేయండి.

పాతబస్తీలో చార్మినార్ ముందు గుల్జార్ హౌజ్ వైపు నిలబడితే రోడ్డు, రెండు పక్కల కట్టడాల వరుసలు కలిసి నేరుగా 1591 నాటి ఆ కట్టడం దగ్గరికే చేరతాయి. గీత, గమ్యం రెండూ సిద్ధంగా ఉన్న చోటు అది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇలాంటి చోట మొదలుపెడితే చేయి తొందరగా తిరుగుతుంది. అక్కడికి తెల్లవారాక జనం పెరగకముందే వెళ్లండి.

2. కెమెరా ఎత్తు

సూత్రం ఒక్కటే: గీతలు ఎంత విప్పారాలన్నది దారి వెడల్పుకూ కెమెరా ఎత్తుకూ మధ్య ఉన్న లెక్క. దారి మధ్యలో ఉండి, వెడల్పులో సగం ఎత్తున కెమెరా పెడితే రెండు అంచులూ దూరంగా కలిసే చోటు నుంచి సుమారు 45 డిగ్రీల వాలుతో కిందికి దిగుతాయి. కంటికి బలంగా అనిపించే వాలు అది.

రెండడుగుల వెడల్పున్న పొలం గట్టు తీసుకోండి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే దాని అంచులు రెండూ దాదాపు నిలువుగా, దగ్గరదగ్గరగా వస్తాయి. గట్టు ఫొటో మధ్యలో నిలబెట్టిన కర్రలా ఉంటుంది. అదే గట్టు మీద కూర్చుని, ఫోన్‌ను నేలకు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. అంచులు రెండు పక్కలకూ విప్పారతాయి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ కిందికి వచ్చి ఈ పని తేలికవుతుంది. ఫొటో మళ్లీ నిటారుగానే సేవ్ అవుతుంది.

వెడల్పాటి రోడ్డుకు ఇది తిరగబడుతుంది. ఆరు మీటర్ల రోడ్డును కంటి ఎత్తు నుంచి తీస్తే అంచుల వాలు పాతిక డిగ్రీలు దాటి కాస్తే ఉంటుంది. అక్కడ "కింద నుంచి తీస్తే బాగుంటుంది" అని ఎవరో చెప్పారని చతికిలబడితే అంచులు ఇంకా చదునై దారి మాయమైపోతుంది. వెడల్పు దారికి పైకి వెళ్లాలి: మెట్లు, మేడ, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి. ఎక్కడానికి ఏమీ లేకపోతే రోడ్డు అంచును వదిలేసి, పక్కనున్న సన్నటి గీతను పట్టుకోండి. కాలిబాట రాళ్ల వరుస గానీ, తెల్లటి పెయింట్ గీత గానీ చాలు.

ఎత్తును నేల నుంచి కాదు, గీతలున్న మట్టం నుంచి కొలవాలి. పడుగు విషయంలో ఇది బాగా తెలుస్తుంది. వీధిలో నడుం ఎత్తున సాగదీసిన దారాలకు సరిగ్గా సమానంగా కెమెరా పెడితే వందల పోగులు కలిసి ఒక్క సన్నటి చారగా మిగులుతాయి. ఓ జానెడు పైకెత్తండి. పోగు పోగు విడివడి, రంగుల అంచులతో సహా, అవతల చివర పని చేస్తున్న మనిషి చేతుల దాకా విసనకర్రలా విచ్చుకుంటాయి. ఇంకో రెండడుగులు పైకెత్తితే ఆ విప్పారడం తగ్గిపోతుంది. ఇక్కడ జానెడే ఫొటోను తేలుస్తుంది. ముందు వాళ్లను అడిగి, పని ఆగకుండా, దారాలకు చేయి తగలకుండా తీయండి.

గుడి మండపాల్లో, అపార్ట్‌మెంట్ వరండాల్లో పైకప్పు గీతలు కూడా ఉంటాయి. లేపాక్షి స్తంభాల వరుసల్లాంటి చోట కెమెరాను నేలకూ కప్పుకూ నడిమధ్య పెడితే కిందివీ పైవీ సమానమైన వాలుతో ఒక చోట కలుస్తాయి. చెక్కడాలున్న కప్పు ముఖ్యమనుకుంటే కిందికి, బండల నేల ముఖ్యమనుకుంటే పైకి జరపండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. చేత్తోనే తీసేలా సిద్ధపడి వెళ్లండి.

3. పక్కకు జరగండి

నడిమధ్య నిలబడితే సమరూపత వస్తుంది. కట్టడాలకు, వంతెనలకు అది నప్పుతుంది. కానీ కొంచెం తేడా ఉన్నా కంటికి తప్పులా కనిపిస్తుంది. మధ్యలో ఉండదలిస్తే కచ్చితంగా మధ్యలోనే ఉండండి, లేదంటే స్పష్టంగా పక్కకు రండి. ఒక అంచుకు దగ్గరగా జరిగితే ఆ అంచు నిలువవుతుంది, అవతలిది వాలుతుంది. కాలవ మీద వంతెన మధ్యలో నిలబడి తీసిన కొబ్బరిచెట్ల వరుసలకూ, వంతెన చివరకు జరిగి తీసినదానికీ తేడా అక్కడికక్కడే కనపడుతుంది. కోనసీమలో ఏ కాలవ మీదైనా ప్రయత్నించండి. నాట్లకు ముందు చేలల్లో నీళ్లు పెట్టిన రోజుల్లో ఆకాశం ఆ నీళ్లలో పరుచుకుని గట్లు నల్లటి గీతల్లా తేలతాయి. గట్ల ఫొటోలకు అంతకన్నా మంచి అదను లేదు.

4. ముందుకా, వెనక్కా, జూమా

చాలామంది పొరబడే చోటు ఇది. జూమ్ చేస్తే గీతల వాలు మారదు. దారి వెంట ముందుకు నడిచినా మారదు. మారేది గీత పొడవు, చివరున్న విషయం సైజు. వాలు బాగాలేకపోతే పైన చెప్పిన రెండో, మూడో మెట్టుకు (ఎత్తు, పక్కకు జరగడం) వెళ్లండి. వాలు బాగుండి గమ్యం చిన్నదైపోతే ముందుకు నడవండి, లేదా 2ఎక్స్ వాడండి.

0.5ఎక్స్ అల్ట్రావైడ్ గీతను సాగదీసి చూపిస్తుంది, నిజమే. కానీ దూరంగా ఉన్న గోపురాన్ని అగ్గిపుల్ల తలంత చేసేస్తుంది. గమ్యం మీకు పది, పదిహేను అడుగుల లోపు ఉంటేనే అది వాడండి. మిగతా చోట్ల 1ఎక్స్ నయం. ఎత్తు మీద నుంచి తీసే వంపు గీతలకు జూమ్ చక్కగా కుదురుతుంది. విశాఖలో కైలాసగిరి పై నుంచి తీరం, బీచ్ రోడ్డు కలిసి వంపు తిరిగే దృశ్యాన్ని 2ఎక్స్, 3ఎక్స్‌లో తీస్తే ఆ వంపు ఫ్రేము నిండా వస్తుంది.

5. గీత మొదలయ్యే చోటు

గీత కింది అంచు నుంచి గానీ, మూలకు కాస్త ఇవతల నుంచి గానీ లోపలికి రావాలి. సరిగ్గా మూలలోంచి వస్తే ఫ్రేము రెండు ముక్కలైనట్టుంటుంది. గీత ఫొటో మధ్యలో ఎక్కడో మొదలైతే కన్ను దాన్ని అందుకోలేదు. ఒక అడుగు ముందుకు వేయండి, లేదా కెమెరాను కొద్దిగా పైకి వంచండి. అయితే ఎక్కువ వంచితే చెట్లు, స్తంభాలు లోపలికి వాలిపోతాయి. అలా అయితే కెమెరాను నిటారుగా ఉంచి, కింద ఎక్కువైన నేలను తర్వాత కత్తిరించండి.

6. గీత చేరే చోటును శుభ్రం చేయండి

చదునైన నేల మీద ఒక కొలత ఎప్పుడూ పనికొస్తుంది. కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఫ్రేములో నిలబడ్డ మనుషులందరినీ హొరైజన్ (నేలా ఆకాశమూ కలిసే గీత) సరిగ్గా ఆ ఎత్తులోనే కోస్తుంది. మీ ఎత్తున్న మనిషిని మీ కంటి ఎత్తు నుంచి తీస్తే హొరైజన్ వాళ్ల కళ్ల మీదుగా పోతుంది. గీతలన్నీ వచ్చి తలలో గుచ్చుకున్నట్టుంటాయి. కెమెరాను మీ ఛాతీకో నడుముకో దించండి. గీతలు వాళ్ల ఒంటి దగ్గర కలుస్తాయి, తల ఖాళీ ఆకాశంలో విడిగా నిలుస్తుంది.

వెనకాల కరెంటు స్తంభం, ఫ్లెక్సీ, ఆగిన లారీ ఉన్నాయేమో చూడండి. ఒక అడుగు పక్కకు వేస్తే చాలావరకు ఆ మనిషి వెనక్కే వెళ్లిపోతాయి.

7. ఫోకస్, వెలుతురు

ఇలాంటి ఫొటోల్లో దగ్గరి నేల నుంచి దూరపు గమ్యం దాకా స్పష్టంగా ఉండాలి. ఏపీఎస్-సీ కెమెరాలో (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్ ఉన్నది) 18 మి.మీ. దగ్గర ఎఫ్11 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) పెట్టి, సుమారు మీటరున్నర దూరంలో ఫోకస్ చేస్తే ముప్పావు మీటరు నుంచి అనంతం వరకు సరిపడా షార్ప్‌గా వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 24 మి.మీ., ఎఫ్11 అయితే 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేయండి. బాగా కిందికి దిగినప్పుడు ముందున్న గడ్డి మసకబారితే ఎఫ్16 దాకా వెళ్లొచ్చు. ఎఫ్22కు వెళ్లకండి, అక్కడ డిఫ్రాక్షన్ (మరీ చిన్న రంధ్రంలోంచి వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. చేత్తో తీసేటప్పుడు షట్టర్ వేగాన్ని 1/125 సెకను కన్నా తగ్గనివ్వకండి. నడిచే మనిషి ఉంటే 1/250 పెట్టండి.

ఫోన్లలో, ముఖ్యంగా పెద్ద సెన్సార్ ఉన్నవాటిలో, గమ్యం మీద నొక్కితే దగ్గరి గీత మసకబారుతుంది. పది అడుగుల దూరంలో నేల మీద వేలితో నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేయండి. ఆకాశం తెల్లబోతే అక్కడే వేలిని కిందికి జరిపి వెలుతురు తగ్గించండి.

సూర్యుడు పక్క నుంచి పడే పొద్దుట, సాయంత్రపు గంటలో గట్లు, రాళ్లు, బండి జాడలు లేచి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అవే గీతలు నేలలో కలిసిపోతాయి. పొద్దు మీ వెనక ఉంటే మీ నీడే గీత మీద పడుతుంది. కూర్చుంటే నీడ చిన్నదవుతుంది, లేదా పక్కకు జరగండి.

చీకటి పడ్డాక వాహనాల లైట్లనే గీతలుగా చేసుకోవచ్చు. ట్రైపాడ్, ఐఎస్‌వో (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 100, ఎఫ్11, 10 నుంచి 20 సెకన్లు, రెండు సెకన్ల టైమర్. విజయవాడ ప్రకాశం బ్యారేజీ లాంటి చోట ఒడ్డున నిలబడి తీయండి, వాహనాల మధ్యకు వెళ్లకండి.

8. ఒకే గీతకు తొమ్మిది ఫొటోలు

మోకాలి కింద, నడుము దగ్గర, తల పైన ఈ మూడు ఎత్తుల నుంచి, ప్రతి ఎత్తులో ఎడమ, మధ్య, కుడి తీయండి. మీ ఇంటి వరండాలోనే చేయొచ్చు. చివర ఒక కుర్చీ వేసి, దానిపై ముదురు రంగు బిందె పెట్టండి. తొమ్మిదీ పక్కపక్కన చూసుకుంటే రెండో మెట్టులో చెప్పిన లెక్క చేతికి వచ్చేస్తుంది.

వీటి జోలికి వెళ్లకండి

రైలు పట్టాలు. లీడింగ్ లైన్ అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేవి అవే, ప్రాణాలు తీసేవీ అవే. ఎదురుగా వచ్చే రైలు దూరం, వేగం మనిషి కంటికి సరిగ్గా అందవు. పైగా పక్క లైను మీద వచ్చే రైలు చప్పుడు ఇవతలి రైలు చప్పుడులో కలిసిపోతుంది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం: ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్లికి ముందు ఫొటోషూట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పట్టాల మీద దొరికే గీతలన్నీ కాలవ గట్టు మీదా దొరుకుతాయి.

ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఆపి రోడ్డు మీద నిలబడొద్దు. వ్యూపాయింట్ ఉన్నచోట దిగండి. గట్ల మీద కూర్చునే ముందు గడ్డిని కర్రతో తట్టండి. నాటిన చేలో కాలు పెట్టకండి.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది, గీత పక్క అంచులోంచి బయటికి పోవడం. కన్ను దాని వెంటే బయటికి జారిపోతుంది. బయటికి పోయే చోట ఒక చెట్టు గానీ, గోడ గానీ, మనిషి గానీ అడ్డం వచ్చేలా జరగండి. లేకపోతే ఆ వైపు కత్తిరించండి.

రెండు గీతలు రెండు వేర్వేరు విషయాల వైపు లాగడం ఇంకొకటి. రోడ్డు గుడి వైపు, పైన కరెంటు తీగలు సెల్ టవర్ వైపు పోతుంటే తీగలే గెలుస్తాయి, ఎందుకంటే తెల్లటి ఆకాశంలో నల్లటి గీతకు పోటీ ఉండదు. తీగల కిందికి బాగా దగ్గరగా వెళ్తే అవి ఫ్రేము దాటిపోతాయి.

గీతకు అడ్డంగా మరో గీత ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. గేటు, స్పీడ్ బ్రేకర్, అడ్డంగా పడిన నీడ అలాంటివే. దాన్ని దాటి ముందుకు వెళ్లి తీయండి. అల్ట్రావైడ్‌లో అంచుల దగ్గర తిన్నని గోడ వంగితే, ఆ గోడను ఫ్రేము మధ్యకు తెచ్చుకోండి లేదా 1ఎక్స్‌కు మారండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గ్యాలరీలో ఫొటోను బొటనవేలి గోరంత సైజులో చూడండి. ఆ సైజులోనూ గీత, గమ్యం రెండూ తెలియాలి. తర్వాత ఫొటోను తలకిందులు చేయండి. అది రోడ్డని, గుడి అని మెదడు గుర్తుపట్టే లోపే గీతలు ఎటు పోతున్నాయో బయటపడుతుంది. నలుపు తెలుపులోకి మార్చి చూస్తే, గీత రంగు వల్లే కనిపిస్తోందా, వెలుగునీడల వల్లనా అన్నది తేలుతుంది. ఎరుపూ ఆకుపచ్చా ఇక్కడ బాగా మోసం చేస్తాయి. రెండూ ఒకే బూడిద రంగులోకి వెళ్తే గీత మాయమైపోతుంది. అప్పుడు పక్క వెలుతురు ఉన్న వేళ మళ్లీ వెళ్లండి.

అన్నిటికన్నా నిజం చెప్పే పరీక్ష మరొకరి కన్ను. ఇంట్లో ఎవరికైనా రెండు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయండి. "ఏం కనిపించింది?" అని మాత్రమే అడగండి. "రోడ్డు" అంటే గమ్యం బలహీనంగా ఉంది, ఆరో మెట్టుకు వెళ్లండి. "గుడి" అంటే కుదిరింది. "చాలా బాగుంది" అంటే అది జవాబు కాదు, ఇంకొకరిని అడగండి.

చివరగా ఎడిటింగ్

ముందు హొరైజన్ వంకర లేకుండా సమం చేయండి, ఆ తర్వాతే కత్తిరించండి. గమ్యం మీద కొద్దిగా వెలుగు పెంచి, ఫ్రేము అంచుల్లో కొద్దిగా తగ్గిస్తే చాలు. మొత్తం మీద కాంట్రాస్ట్ పెంచేస్తే అక్కర్లేని గీతలు కూడా లేస్తాయి. ఫోన్‌లో 3:4 నిలువుగా తీసిన ఫొటోను వాట్సాప్ స్టేటస్ కోసం 9:16కు కత్తిరిస్తే వెడల్పులో పావు వంతు పోతుంది, కింది మూలల దగ్గర మొదలైన గీతల మొదళ్లు తెగిపోతాయి. స్టేటస్‌కు కూడా కావాలనుకుంటే అదే చోట నుంచి కెమెరాను కొంచెం పైకెత్తి, వాలు నిలువయ్యేలా ఇంకొకటి విడిగా తీసి పెట్టుకోండి.